పానా మాది, తాళం ఎవరిది?

"కారు ఆగిపోయిందా? సాయిబుకి కబురు పెట్టు."

నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగిన వాళ్లెవరికీ ఈ మాట కొత్త కాదు. తోటపల్లి గూడూరులో, నరుకూరు సెంటర్లో, ముత్తుకూరు రోడ్డు మీద ఎక్కడ బండి మొరాయించినా మొదట వినపడేది ఇదే. జ్వరం వస్తే డాక్టర్ని పిలవండి అంటారు, దావా పడితే ప్లీడర్ని పిలవండి అంటారు. ఇంజన్ ఆగితే మాత్రం మెకానిక్‌ని పిలవమనరు, సాయిబుని పిలవమంటారు. పనికి పేరు లేకుండా పోయి, మతమే పనికి పేరైంది. మా మామూని ఊరంతా ముప్ఫై ఏళ్లపాటు 'బాషా' అనే పిలిచింది. ఆయన పేరు బాషా కాదు. ఆయనకు ముందు ఆ షెడ్డులో పని చేసినాయన పేరు బాషా. పేరు షెడ్డుకి అతుక్కుపోయింది, షెడ్డులో మనిషి మాత్రం మారాడు. ఊళ్లో ఎవరికీ ఆ తేడా పట్టలేదు.

ఇది ప్రేమతో పిలిచే పిలుపు కదా, దీనికీ తప్పు పడతావా అని అడిగే మిత్రులున్నారు. ప్రేమ సంగతి పక్కన పెట్టి ఇంకో రెండు మాటలు చూద్దాం. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా రోడ్డెక్కినవాళ్లను బెంగళూరు ఎంపీ ఒకాయన పంక్చర్ షాపులవాళ్లని తీసిపారేశాడు. 2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిసార్‌లో ప్రధానమంత్రి, వక్ఫ్ ఆస్తులను నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంక్చర్లు వేసుకుంటూ బతకాల్సి వచ్చేది కాదన్నారు. మొదటిది వెక్కిరింత, రెండోది జాలి. రెండింటి అడుగునా ఉన్న లెక్క ఒకటే. చేతికి గ్రీజు అంటుకున్నవాడు పడిపోయినవాడని.

నేనొప్పుకోను. పానా పట్టుకోవడం పతనం కాదు. అయితే పానా పట్టుకున్నవాణ్ణి పానా దగ్గరే ఆపేసి, ఆ తర్వాత వచ్చిన పనిముట్లన్నిటికీ తాళం వేసి, చివరికి 'వీళ్లింతే' అనడం ఉంది చూశారూ, నా తగాదా దాంతోనే.

మా మామూ షెడ్డు ఊరికి కొంచెం ఎడంగా రోడ్డు పక్కన ఉండేది. నాలుగు సరుగుడు గుంజలు, పైన రేకులు. పక్కన వేపచెట్టు. ఆ చెట్టు పెద్ద కొమ్మకే చైన్ బ్లాకు వేలాడేది, ఇంజన్ను కారులోంచి పైకి లేపాలంటే అదే క్రేను. సముద్రం దగ్గర గనుక ఉప్పుగాలికి ఇనుము నిలవదు. సాయంత్రం అయ్యేసరికి ప్రతి పానానీ డీజిల్ గుడ్డతో తుడిచి గోతాంలో చుట్టిపెట్టాలి. స్కూలు వదలగానే నా పనీ, మామూ కొడుకు పనీ అదే. మేమిద్దరం లెక్కలు నేర్చుకున్నది ఆ గోతాం మీదే. ఒక్కో పానాకి రెండు మూతులు, ఒక్కో మూతికి ఒక అంకె. దస్-గ్యారా, బారా-తేరా, చౌదా-పంద్రా, సోలా-సత్రా. "బారా-తేరా లారే!" అని ఇంజన్ కిందనుంచి కేక వస్తే పన్నెండు పదమూడు మిల్లీమీటర్ల పానా పరిగెత్తుకుంటూ వెళ్లి చేతిలో పెట్టాలి. షెడ్డులో పనికి వచ్చే మాలపల్లె కుర్రాళ్లూ, యానాది కుర్రాళ్లూ ఉర్దూ అంకెలు నేర్చుకున్నది అక్కడే. ఉర్దూ బడి ఊళ్లో లేకపోయినా ఉర్దూ నడిచే చోటు ఒకటి ఉండేది, దానికి రేకుల కప్పు ఉండేది.

మాటలొచ్చాయి గనుక చెప్తున్నాను. 'మీ భాష వేరు, మా భాష వేరు' అనే పెద్దలకు ఆ షెడ్డులో ఒక గంట కూర్చోబెట్టి పాఠం చెప్పాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. స్క్రూ తిప్పేదాన్ని ఉర్దూలో పేచ్‌కస్ అంటాం. పేచ్ అంటే మెలి, కస్ అంటే లాగేది. ఫారసీ మాట. మేకులు పీకే పట్టకారు జంబూర్, ఫారసీలో కందిరీగ పేరు. అది కరిస్తే వదలదు గనుక. స్పానర్ అనే ఇంగ్లీషు మాట నోరు తిరక్క పానా అయిందంటారు. మిస్త్రీ, మేస్త్రి రెండూ పోర్చుగీసు ఓడల్లో వచ్చినవి. ఇక అసలు మాట, మరమ్మతు. రోడ్ల మరమ్మతులు, చెరువుల మరమ్మతులు, బడి భవనాల మరమ్మతులు అని ప్రభుత్వం రోజూ టెండర్లలో రాసుకునే ఆ మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. మాట తీసుకున్నారు, మాతృభాషలో కలుపుకున్నారు, సంతోషం. మరమ్మతు చేసేవాడు మాత్రం ఇప్పటికీ బయటివాడు.

మేం ఈ పనిలోకి ఎలా వచ్చామో ఎవరూ అడగరు. రక్తంలో ఉందన్నట్టు మాట్లాడతారు. రక్తంలో గ్రీజు ఎవరికీ ఉండదు. మా నానా జట్కా తోలేవాడు. ఆయన అన్న గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. ఇంకో తమ్ముడు గిన్నెలకు కళాయి పోసేవాడు. భూమి లేనివాళ్లు, బండీ గుర్రమూ నిప్పూ నమ్ముకుని బతికినవాళ్లు. ఊళ్లో వడ్రంగం ఒకరిది, కంసాలి పని ఒకరిది, కుమ్మరం ఒకరిది, ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టేందుకు లేదు. మోటారు వచ్చింది. దానికి ఊళ్లో కులం లేదు. ఏ వృత్తికులమూ అది మాదని ముందే రాసిపెట్టుకోలేదు. జట్కాకి కిరాయి పోయినవాడు వెళ్లి లారీ కింద పడుకున్నాడు. అదీ చరిత్ర. బతుకుదెరువు కోసం దొరికిన సందులో దూరడం. అదే సందులోంచి దళితుడు వచ్చాడు, యానాది వచ్చాడు, దూదేకుల పిల్లాడు వచ్చాడు. ఇంజన్ కింద పడుకున్నవాళ్లందరి మీదా కారేది ఒకే నూనె. పైన షోరూం అద్దాల వెనక కూర్చున్న యజమానుల పేర్ల చివర ఏమేం తోకలుంటాయో, కింద గుంటలో నిలబడి ఆయిల్ దింపేవాళ్ల పేర్లేమిటో ఏ ఊళ్లోనైనా ఒకసారి లెక్క వేసుకోండి.

'సాయిబు చెయ్యి పడితే బండి కదలాల్సిందే' అనే మెప్పు కూడా నాకు పడదు. చెయ్యే ఎందుకు? ఆ చేతికి పైన తలకాయ లేదా? ఇంజనీరుది తెలివి, మాది చేతివాటం! ట్యాపెట్ సెట్ చేయడం ఎప్పుడైనా చూశారా? వాల్వుకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య కాగితమంత సందు ఉండాలి. ఎక్కువైతే టకటకమని చప్పుడు. తక్కువైతే ఇంజన్ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, కొన్నాళ్లకు కాలిపోతుంది. ఆ సందు కొలవడానికి ఫిల్లర్ గేజి ఉంటుంది. చాకు మడతలా ఉండే పల్చటి ఉక్కు రేకుల కట్ట, ఒక్కో రేకు మీద దాని మందం చెక్కి ఉంటుంది. రేకు దూర్చి లాగితే అది బిగుసుకోకూడదు, జారిపోకూడదు, కొంచెం పట్టి వదలాలి. ఆ 'కొంచెం' ఏమిటో ఏ పుస్తకమూ చెప్పలేదు. మామూ నా వేళ్ల మధ్య రేకు పెట్టి, పైన తన వేళ్లు పెట్టి, లాగించి చూపించాడు. నాకు ఒంటబట్టలేదు. మామూ కొడుక్కి ఒక్కరోజులో వచ్చింది.

హెడ్ బోల్టులు బిగించడం ఇంకో చదువు. వరసగా బిగించుకుంటూ పోతే హెడ్డు వంకర తిరుగుతుంది, గ్యాస్కెట్ కొట్టుకుపోతుంది. మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బయటికి రావాలి, అదీ ఒక్కసారిగా కాదు, రెండు మూడు విడతల్లో. పొడుగాటి పేచ్‌కస్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి ఆనించి వినేవాడు మామూ. ఏ బేరింగ్ అరిగిందో, ఏ సిలిండర్ కొట్టడం లేదో చెప్పేవాడు. "ఆవాజ్ సున్" అనేవాడు మాతో. వాల్వు సీటు అరగదీయడానికి రబ్బరు బొడిపె ఉన్న కర్ర, దాన్ని రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పడం. పిస్టన్ రింగులు నొక్కిపట్టడానికి నూనె డబ్బా రేకు కోసి చేసుకున్న పట్టీ. పాయింట్ల సందుకి సిగరెట్ పెట్టె అట్ట.

ఇక్కడ నాకొక జాగ్రత్త ఉంది. ఇవన్నీ చెప్తుంటే వినేవాళ్లు ముచ్చటపడతారు. ఆహా, ఏమీ లేకుండానే ఎంత నేర్పు! ఆ ఆహాకారం కూడా ఒక మోసమే. నూనె డబ్బా కోసుకున్నది సరదాకి కాదు, రింగ్ కంప్రెసర్ కొనే డబ్బు లేక. అట్ట వాడింది కొలత తెలియక కాదు. చెవితో విన్నది స్టెతస్కోపు లేక. మామూ చేతికి టార్క్ రెంచి వచ్చేసరికి ఆయనకు యాభై దాటాయి. అప్పటిదాకా మోచేతి అంచనాతో బిగించాడు, చాలాసార్లు సరిపోయింది, కొన్నిసార్లు సరిపోలేదు, సరిపోనప్పుడు గ్యాస్కెట్ ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. లేమికి దండలు వేయొద్దు.

అంబాసిడర్ నట్లు అంగుళాల లెక్క. మామూ తరం వాళ్లు అంగుళంలో ఎనిమిదో వంతుని సూత్ అనేవాళ్లు. సూత్ అంటే నూలు. తీన్ సూత్, చార్ సూత్ అని పానాలకు పేర్లు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది, దాని నట్లన్నీ మిల్లీమీటర్లు. ఆ కార్లు మా కోస్తా పల్లెల దాకా రావడానికి కొన్నేళ్లు పట్టింది, తొంభైల్లో రొయ్యల గుంటల డబ్బుతో ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. మామూ పెట్టెలో సగం పానాలు ఒక్క దెబ్బతో పనికిరాకుండా పోయాయి. కొత్త సెట్టు కోసం మామీ చెవి కమ్మలు నెల్లూరు మార్వాడీ కొట్టుకి వెళ్లాయి. మద్రాసు పుదుపేటకు పోయి పాత సామాన్ల గుట్టల్లో వెతికి కొన్ని తెచ్చుకున్నాడు. అయినా అది దాటగలిగిన మార్పు. డబ్బు పెడితే పానా దొరికింది. పానా దొరికితే నట్టు ఊడింది. నట్టుకి మతం లేదు, పాస్‌వర్డు లేదు.

ఆ తర్వాత వచ్చింది వేరే రకం మార్పు. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగుస్తూ వచ్చేసరికి కార్బురేటర్ పోయి, ఎంత పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో చెప్పే కంప్యూటర్ ఇంజన్ పక్కన చేరింది. ఆ కంప్యూటర్ తన జబ్బు తానే నోటు చేసుకుంటుంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది, దానికి స్కానర్ తగిలిస్తే చదువుకోవచ్చు. బజారులో కొన్ని వందల రూపాయలకు బొటనవేలంత స్కానర్ దొరుకుతుంది, ఫోనులో చూసుకోవచ్చు. అది చదివేది పైపై కోడ్లు. లోపలి గది తలుపు మాత్రం కంపెనీ సాఫ్ట్‌వేర్‌కే తెరుచుకుంటుంది. డీజిల్ కారులో ఇంజెక్టర్ మారిస్తే ఆ ఇంజెక్టర్ మీద అచ్చేసిన కోడు తీసుకుని కంప్యూటర్లోకి ఎక్కించాలి, ఎక్కించకపోతే బండి వణుకుతుంది, పొగ కక్కుతుంది. కొత్త తాళంచెవి చేయించాలన్నా కంప్యూటరే ఒప్పుకోవాలి. చివరికి హెడ్ బోల్టులకు కూడా ఇంత బిగువు, ఆపైన ఇన్ని డిగ్రీల తిప్పు అని లెక్కలున్నాయి, ఆ లెక్కలు కంపెనీ మాన్యువల్లో ఉంటాయి. మాన్యువల్ కంపెనీ బీరువాలో ఉంటుంది.

మామూ కొడుకు ఇప్పుడు ఆ షెడ్డు నడుపుతున్నాడు. నాకంటే ఏడాది చిన్న. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక రోడ్డు మీద బళ్లు పెరిగాయి, పని పెరుగుతుందనుకున్నాడు. బళ్లు పెరిగాయి, పని పెరగలేదు. మొన్నామధ్య కోడూరు వైపు రొయ్యల రైతు ఒకాయన డీజిల్ కారు తెచ్చాడు. మావాడు జబ్బు సరిగ్గానే పట్టాడు, ఇంజెక్టర్ సరిగ్గానే మార్చాడు. కోడు ఎక్కించడానికి సాధనం లేదు. ఒక కంపెనీ సర్వీసు సెంటరుకి ఫోను చేశాడు. బండి ఇక్కడికి తెండి అన్నారు. నెల్లూరు దాకా తాడు కట్టి లాక్కెళ్లాక, బయట చేసిన పనికి మేం బాధ్యత పడమంటూ ఇంజెక్టర్ మళ్లీ ఊడదీసి, మళ్లీ కొత్తది వేసి, బిల్లు చేతిలో పెట్టారు. రైతు మావాణ్ణి ఏమీ అనలేదు. తర్వాత రావడం మానేశాడు.

ఇది ఒక్క సాయిబు గోడు కాదని నాకు తెలుసు. దేశంలో ప్రతి చిన్న షెడ్డుదీ ఇదే గోడు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద మొత్తం 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. షంషేర్ కటారియా అనే ఆయన పెట్టిన ఫిర్యాదు మీద. విడిభాగాలూ, జబ్బు పట్టే సాధనాలూ, మాన్యువళ్లూ బయటి మెకానిక్కులకు దొరక్కుండా చేయడం చట్టవిరుద్ధమంది. వాటిని బహిరంగ మార్కెట్లో అందుబాటులో పెట్టాలంది. బయట రిపేరు చేయించుకుంటే వారంటీ రద్దు అని గంపగుత్తగా షరతు పెట్టడానికి వీల్లేదంది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' అని పోర్టల్ కూడా తెరిచింది. పదేళ్లు దాటింది. ఆ తీర్పు మా షెడ్డు గుమ్మం దాకా నడిచి రాలేదు. వస్తే బాషా ఇల్లు ఎక్కడని అడగాల్సి వచ్చేదేమో.

కానీ గోడు అందరిదీ అయినా దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. షెడ్డు మూతపడితే పొలం ఉన్నవాడు పొలానికి పోతాడు. బంధువుల్లో ఒకడు బ్యాంకులో, ఇంకొకడు రెవెన్యూ ఆఫీసులో ఉన్నవాడు వాళ్లని పట్టుకుని ఏదో ఒకటి చూసుకుంటాడు. మావాళ్లలో నెలజీతం ఉద్యోగాలు తక్కువ, సొంత పనుల మీద ఆధారపడ్డవాళ్లు ఎక్కువ అని సచార్ కమిటీ 2006లోనే లెక్కతో సహా చెప్పింది. సొంత పని అనేది వినడానికి దర్జాగా ఉంటుంది. ఎవరూ పని ఇవ్వకపోవడానికి అది మర్యాద పేరు.

ఆ లెక్క సరే, గుర్తింపు సంగతి చూడండి. 2007లో చట్టమై, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగిన 4 శాతం రిజర్వేషన్ల బి.సి.-ఇ జాబితా తీసి చదవండి. అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ఫకీర్లు, గుడ్డి ఎలుగువాళ్లు, హజాములు, ధోబీలు. అది రావడం కోసం కొట్లాడినవాళ్లందరికీ సలాం, దాన్ని నేను తక్కువ చేయను. మావాళ్ల పిల్లలు డాక్టర్లయ్యారు దానివల్ల. కానీ ఆ పేర్లలో రాజ్యం మమ్మల్ని చూసిన చూపు ఒకటుంది. ఎలుగుబంటిని ఆడించేవాడుగా, గారడీ చేసేవాడుగా, బిచ్చమెత్తేవాడుగా గుర్తుపట్టింది. యాభై ఏళ్లుగా ఈ జిల్లా ట్రాక్టర్లనీ, లారీలనీ, కార్లనీ, రొయ్యల గుంటల డీజిల్ ఇంజన్లనీ నడిపిస్తున్నవాడికి ఏ కాగితంలోనూ పేరు లేదు.

సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు కదా అంటారు. ఐ.టి.ఐ.లో మోటారు వెహికల్ మెకానిక్ కోర్సు రెండేళ్లు, చేరాలంటే పదో తరగతి ప్యాసవ్వాలి. మావాడు ఎనిమిదితో ఆగాడు. 2015 నుంచి కౌశల్ వికాస్ పథకం కింద, చదువు లేకపోయినా పని తెలిసినవాళ్లకు పరీక్ష పెట్టి కాగితం ఇచ్చే ఏర్పాటు ఉంది. ఒక శిక్షణ కేంద్రానికి నేనే తీసుకెళ్లాను. మూడు రోజులు కూర్చోబెట్టారు. టీషర్టు ఇచ్చారు, టోపీ ఇచ్చారు, ఫోటో తీశారు. స్కానర్ గాజు బీరువాలో కనపడుతూనే ఉంది. తాళంచెవి సారు దగ్గర ఉంది, సారు సెలవులో ఉన్నాడు. ఇరవై ఐదేళ్లు ఇంజన్లు విప్పినవాడికి, స్పానర్ బొమ్మ చూపించి ఇదేమిటని ప్రశ్న. "బారా-తేరా అని చెప్పాను భాయ్, ఆన్సర్ రాంగ్ అన్నారు" అని నవ్వాడు బస్సులో.

మా చేతిలో పనిముట్టు ఎవరికెలా కనపడుతుందో ఇంకొక్కటి చెప్పాలి. 2007లో హైదరాబాదులో మే నెలలో మక్కా మసీదులో, ఆగస్టులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌ల దగ్గర బాంబులు పేలాయి. ఆ ఏడాది ఆఖర్లో మావాడు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సామాను కొనుక్కుని రైల్లో వస్తుంటే ఒక స్టేషన్లో సంచీ విప్పించారు. మల్టీమీటరు, ఎర్ర నల్ల వైర్లు, బ్యాటరీ క్లిప్పులు, టైమింగ్ లైటు. టైమింగ్ లైటంటే స్పార్కు ఏ క్షణాన పడుతుందో చూసుకునే దీపం. దీని పేరేమిటని అడిగారు. మావాడు చెప్పాడు. టైమింగ్ అన్న మాట వినగానే పక్కకు కూర్చోబెట్టారు. ఆధార్ లేని రోజులు, రేషన్ కార్డు జిరాక్సు చూపించాడు, అందులో పేరు చదివాక ఇంకో రెండు గంటలు. తెల్లారుజామున వదిలారు. కొట్టలేదు, తిట్టలేదు, అందుకు కూడా మేం షుక్రియా చెప్పుకున్నాం. ఇంటికొచ్చాక మామూ ఆ దీపాన్ని తీసి గోతాం అడుగున పెట్టాడు. ఊళ్లో మాత్రమే వాడు, ఊరు దాటించొద్దు అన్నాడు.

ఇంతసేపూ మీతో మాట్లాడాను. ఇక మావాళ్లతో.

మన జల్సాల్లో, మీలాదుల్లో పెద్దలు లేచి అల్ జజరీ గురించి చెప్తారు. 1206లో ఆయన యంత్రాల మీద కితాబు రాశాడు, అందులో రెండు సిలిండర్ల పంపు ఉంది, క్రాంకు ఉంది, ఇవాళ్టి ఇంజన్‌కి తాత అదే అని. నిజమే. వింటే ఛాతీ పొంగుతుంది నాక్కూడా. కానీ జనాబ్, అల్ జజరీ ఎనిమిదో తరగతిలో బడి మానలేదు. ఆయన్ని ఆర్తుకీ సుల్తాను కొలువులో పెట్టుకుని సామగ్రి ఇచ్చి, కితాబు రాయించాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ముస్లిం ఇంజనీరు పేరు చెప్పి, ఇవాళ పదేళ్ల పిల్లాణ్ణి షెడ్డులో వదిలి, 'చదువెందుకు, ఉస్తాద్ దగ్గర పని నేర్చుకోనీ' అనే తండ్రికి ఏం చెప్తున్నాం? గ్యారేజీల్లో పిల్లల్ని పెట్టకూడదని 1986 బాలకార్మిక చట్టం జాబితాలో ఉంది, 2016 సవరణతో పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. సంబంధాలు చూసేటప్పుడు మాత్రం సయ్యద్ ఇంటివాళ్లు, పఠాన్ ఇంటివాళ్లు 'లడకా మెకానిక్ హై' అనగానే చాయ్ కప్పు కింద పెడతారు. పనిని పైకి పొగిడి ఇంట్లో అసహ్యించుకోవడం ఒక్క మెజారిటీ సొత్తే కాదు.

నేను బి.ఏ. చదివాను. మామూ కొడుకు మానేశాడు. మా అబ్బా చిన్న ఉద్యోగి, మామూకి షెడ్డు. అంతే తేడా. ఫిల్లర్ గేజి ఒక్కరోజులో పట్టుకున్నవాడు షెడ్డులో మిగిలాడు, పట్టుకోలేనివాడు దాని గురించి రాస్తున్నాడు.

మామూ పోయాక పానాల పెట్టె పంచుకునే రోజు వచ్చింది. షరియత్ ప్రకారం కొడుక్కి రెండు వాటాలు, కూతురికి ఒకటి. ఇల్లూ స్థలమూ లెక్క తేలాయి. పనిముట్ల దగ్గర అందరూ దాటవేశారు, ఆడపిల్ల ఏం చేసుకుంటుందని. చిన్నప్పుడు మాతోపాటే గోతాం దగ్గర కూర్చుని మా ఇద్దరికంటే ముందు చౌదా-పంద్రా ఏరి ఇచ్చిన పిల్ల అది. పెద్దమనిషి కాగానే షెడ్డుకి రావడం ఆపేశారు. ఆ రోజు ఆమె ఏమీ అడగలేదు. లేచి పెట్టె తెరిచి ఫిల్లర్ గేజి తీసుకుంది, పల్లూలో కట్టుకుంది. ఇప్పుడది ఆమె ఇంట్లో కుట్టుమిషను సొరుగులో ఉంది, నేను చూశాను. మన అస్తిత్వ సాహిత్యంలో ఆ సొరుగు గురించి కూడా ఎవరైనా రాయాలి.

మొన్న రంజాను తర్వాత ఊరికి వెళ్లాను. షెడ్డులో ఒక పెట్రోలు కారు ఉంది, నిలబడ్డచోట వణుకుతోంది. మావాడు తండ్రిలాగే పేచ్‌కస్ చెవికి ఆనించాడు. "దూస్రా" అన్నాడు, రెండో సిలిండర్. వాడి కొడుకు తొమ్మిదికి వస్తాడీ జూన్లో. వాడు బొటనవేలంత స్కానర్ సాకెట్టులో పెట్టి ఫోను చూశాడు. పి 0302. రెండో సిలిండర్ కొట్టడం లేదని అర్థం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండో కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి మార్చి స్టార్ట్ చేయమన్నాడు తండ్రి. కోడు 0303కి మారింది. అంటే జబ్బు సిలిండర్‌ది కాదు, ప్లగ్గుదీ కాదు, కాయిల్‌ది. కాయిల్‌తోపాటు జబ్బూ పక్కింటికి పోయింది. పిల్లాడికి ఆ మార్చి చూసే తెలివి ఫోను చెప్పలేదు, తండ్రికి ఆ అంకెలు పేచ్‌కస్ చెప్పలేదు.

వాణ్ణి పూటపూటా షెడ్డుకి తీసుకొస్తానన్నాడు మావాడు. నేను గొడవపడ్డాను. పది ప్యాసవ్వనీ, పాలిటెక్నిక్‌కి పంపు, సెలవుల్లో రానీ అన్నాను. "మీరు చదువుకున్నారు భాయ్, మీరు చెప్తారు. కరెంటు బిల్లు ఎవరు కడతారు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, గొడవ మాత్రం ఇంకా నడుస్తోంది.

సంచీలోంచి ఆ 2014 ఆర్డరు కాగితాలు తీశాను. ఇంగ్లీషులో ఉన్నవి అక్కడక్కడ తెలుగులో చెప్పాను, వాడికి తట్టనిచోట ఉర్దూలో చెప్పాను. పద్నాలుగు కంపెనీల పేర్లు చదివాను. వాటిలో తను బోల్టు విప్పని కంపెనీ ఒక్కటీ లేదన్నాడు. సాధనాలు ఇవ్వాలి అన్న చోట ఆపి, మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. చేతులు తుడుచుకుని కాగితం అంచు రెండు వేళ్లతో పట్టుకున్నాడు, గ్రీజు అంటకుండా.

"రేపు ఇది పట్టుకుని నెల్లూరు పోతే ఇస్తారా భాయ్?"